వేళ తప్పడం, శ్రుతి తప్పడం: విశాఖ వేధశాల చరిత్రలో ఒక పుట

విశాఖపట్నంలో నేటి రేవు 1933లో ప్రారంభమైంది. దానికి దాదాపు శతాబ్దం ముందే, ఓడలు తీరానికి ఎడంగా లంగరు వేసుకునే రోజుల్లో, ఈ పట్నానికి సొంత వేధశాల ఉండేది. గోడే వెంకట జగ్గారావు (1817–1856) అనే జమీందారు, మద్రాసు వేధశాలను నడిపిన టి.జి. టేలర్ వద్ద ఖగోళశాస్త్రం అభ్యసించి వచ్చి, 1840లో డాబా గార్డెన్స్‌లోని తన ఆవరణలోనే దీనిని నెలకొల్పారు. అక్కడ నిర్ణయించిన వేళను ఊరికీ ఓడలకూ తెలపడానికి డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండాకొయ్య నిలబెట్టించారు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు (1827–1892) ప్రభుత్వోద్యోగం వదులుకుని మరీ ఆ పని కొనసాగించారు.

ఓడకు వేళ అంత ముఖ్యం కావడానికి కారణం రేఖాంశం. ఓడలోని క్రోనోమీటర్, అంటే సముద్రయానానికి ప్రత్యేకంగా చేసిన గడియారం, నాలుగు సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర ఓడ ఉన్న చోటు సుమారు 1.85 కిలోమీటర్లు పక్కకు లెక్క తేలుతుంది. గడియారాన్ని తప్పించేది ప్రధానంగా వేడి. వేధశాల గడియారంలో సెకనుకు ఒక ఊపు ఊగే లోలకం పొడవు మీటరుకు కొంచెం తక్కువ. దాని ఉక్కు కడ్డీ ఒక్క డిగ్రీ వేడికి సాగే సాగుడు కంటికి ఆనదు గానీ, ఆ సాగుడుకే గడియారం రోజుకు అర సెకను వెనకబడుతుంది. ఇంగ్లండులో 1720లలోనే గడియారాలు చేసే గ్రాహం పాదరసంతోనూ, హారిసన్ రెండు లోహాల కడ్డీలతోనూ ఒక వ్యాకోచం మరొకదానిని రద్దు చేసేలా లోలకాలు కట్టారు.

అయినా ఏ గడియారాన్నీ దాని మాట మీదే నమ్మలేదు. ఉత్తర దక్షిణ తలంలో మాత్రమే కదిలే ట్రాన్సిట్ టెలిస్కోపులో, తెలిసిన నక్షత్రం సాలెదారం లాంటి గీతను దాటే క్షణాన్ని గడియారంలో గుర్తించి, పట్టికలోని వేళతో పోల్చేవారు. ఈ పద్ధతిలో అన్నిటికన్నా గొప్ప వివేకం మరొకటి ఉంది: తేడా కనబడగానే ముల్లు తిప్పకుండా, ఆ తేడా రోజుకు ఎంత చొప్పున పెరుగుతోందో రాసిపెట్టుకునేవారు. రోజూ మూడు సెకన్లు వెనకబడే గడియారం పనికొస్తుంది. ఒక రోజు ఒకటి, మరునాడు నాలుగు తప్పేది పనికిరాదు.

సొంతంగా అనలాగ్ సింథసైజర్ కట్టుకునేవారికి ఎదురయ్యే శ్రుతి సమస్య సరిగ్గా ఇదే. 1964లో రాబర్ట్ మోగ్ రూపొందించిన, 1969లో అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు కూడా చేరిన ఆ వాద్యంలో, స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్ ఓల్టేజి ఒక ఓల్టు పెరిగితే ఒక స్థాయి పైకి వెళుతుంది, అంటే కంపనాల సంఖ్య రెట్టింపవుతుంది. ఈ రెట్టింపును సాధించేది ట్రాన్సిస్టర్. దాని బేస్ వద్ద సుమారు 18 మిల్లీఓల్టులు పెరిగితే కరెంటు రెట్టింపవుతుంది. కాని ఒక డిగ్రీ వేడి పెరగడం దానికి రెండు మిల్లీఓల్టులు అదనంగా ఇవ్వడంతో సమానం కనుక, ఏ రక్షణా లేని వలయంలో ఆ ఒక్క డిగ్రీకే శ్రుతి ఒక స్వరస్థానాన్ని మించి పైకి జరుగుతుంది. హారిసన్ కడ్డీల మాదిరిగానే ఇక్కడ కూడా విరుగుడు జంటలోనే ఉంది: ఒకే తొడుగులో ఇమిడిన రెండు ట్రాన్సిస్టర్లు ఈ జరుగుడును పరస్పరం రద్దు చేసుకుంటాయి. స్థాయి వెడల్పు డిగ్రీకి మూడో వంతు శాతం మారడమనే రెండో దోషాన్ని, వేడితో అదే నిష్పత్తిలో విలువ పెరిగే రెసిస్టర్ సరిచేస్తుంది. అది ట్రాన్సిస్టర్ జంటను ఆనుకుని ఉండాలి.

మంద్ర, తార స్థాయిలు రెండూ ఒకే అంతరంతో జరిగితే లోపం ఆ జంటలోనో, ఆధార ఓల్టేజిలోనో, కెపాసిటర్‌లోనో ఉంటుంది. మంద్రం నిలిచి తారం మాత్రమే తప్పితే రెసిస్టర్‌ను అనుమానించాలి. ఈ తేడా పట్టుకోవాలంటే మర తిప్పి శ్రుతి కలిపేసుకోవడం మానాలి. క్వార్ట్జ్ స్ఫటికంతో నడిచే ఫ్రీక్వెన్సీ మీటరు పక్కన పెట్టుకుని, అరగంటకొకసారి కంపన సంఖ్యనూ ఉష్ణోగ్రతనూ పక్కపక్కనే రాసుకోవాలి. శ్రుతి వేడిని అనుసరిస్తే వేడి దోషమే. వేడి నిలిచి ఉన్నా శ్రుతి ఎగిరెగిరి పడితే, వదులైన అతుకునో, సముద్రపు గాలి తేమకు బోర్డు మీద మిగిలిన టంకపు జిగురు గుండా కారిపోతున్న కరెంటునో వెతకాలి.