చర్మ క్యాన్సర్ నివారణ బోధన – నర్సు శిక్షణ: చారిత్రక పరిశీలన

కీలక పదాలు: చర్మ క్యాన్సర్, నివారణ, నర్సు శిక్షణ, ఆరోగ్య బోధన, రోగి భాష.

ఉపోద్ఘాతం:
వ్యాధి కారణం వైద్యునికి తెలియడం వేరు, అది రోగి నిత్యజీవితంలో అలవాటుగా మారడం వేరు. ఈ రెంటి నడుమ ఉన్న దూరాన్ని తగ్గించగల స్థానం ఆసుపత్రిలో నర్సుది. ఆమెకిచ్చే శిక్షణ స్థానిక జీవనం నుండి, రోగి భాష నుండి మొదలుకావాలని ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

మసి, నిప్పు, ఎండ:
పొగగొట్టాలు శుభ్రం చేసేవారి వృషణకోశ చర్మానికి వచ్చే క్యాన్సర్‌కు మసి కారణమని లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1775లో తెలియజేశాడు. అయినా శతాబ్దం తరువాత కూడా ఇంగ్లండులో ఆ వ్యాధి కనిపించింది. ఐరోపాలోని ఇతర దేశాల పనివారిని ఒంటిని కప్పే దుస్తులు, స్నానం కాపాడుతున్నాయని 1892లో హెన్రీ బట్లిన్ వివరించాడు. కొరవడింది జ్ఞానం కాదు, ఆచరణ.

కశ్మీరులో కారణం వేరు. చలికాలంలో నిప్పుకణికలు నింపిన మట్టి కుండను అల్లిన బుట్టలో ఉంచి, పొడవాటి అంగీ కింద పట్టుకుంటారు. ఇదే కాంగ్డీ. ఏళ్ల తరబడి ఆ వేడి తగిలిన పొట్ట, తొడల చర్మంపై క్యాన్సర్ రావడాన్ని 19వ శతాబ్దంలోనే అక్కడి మిషనరీ వైద్యులు నమోదు చేశారు.

ఆస్ట్రేలియాలో ప్రధాన కారణం ఎండ. విక్టోరియా రాష్ట్రంలో 1981లో మొదలైన ప్రచారం చొక్కా, లేపనం, టోపీ అనే మూడు రక్షణలను పాట రూపంలో ఇంటింటికీ చేర్చింది. శాస్త్రీయ విషయం వాడుక మాటల్లోకి మారడమే దాని బలం.

మనకు తగిన శిక్షణ:
ఆస్ట్రేలియా పాఠాన్ని యథాతథంగా అనువదిస్తే మనకు చాలదు. ముదురు చర్మంలోని మెలనిన్ ఎండ నుండి కొంత రక్షణనిస్తుంది. కాని అరికాలిలో, గోటి కింద వచ్చే మెలనోమాకు ఎండ ప్రధాన కారణం కాదు. పాత కాలిన మచ్చపై మానని పుండు కూడా క్యాన్సర్ కావచ్చు. కట్టు మార్చే నర్సు కంటికే ఇవి ముందుగా పడే అవకాశం ఉంది. కనుక రోగి వృత్తిని అడగడం, అరికాళ్లు చూడడం, అనుమానం కలిగితే వెంటనే వైద్యునికి చూపించడం శిక్షణలో భాగం కావాలి.

మన నర్సింగ్ విద్య ఎక్కువగా ఆంగ్లంలో సాగుతుంది, రోగి తెలుగులో వింటాడు. ‘మెలనోమా’ అనే మాట అతనికి భయాన్నే మిగుల్చుతుంది. ‘మచ్చ పెరిగినా, రంగు మారినా, పుండు మానకపోయినా వచ్చి చూపించండి’ అంటే పని జరుగుతుంది. చెప్పినదాన్ని రోగి చేత తన మాటల్లో తిరిగి చెప్పించుకోవడం బోధనకు అసలైన పరీక్ష.

ముగింపు:
మసికి స్నానం, కాంగ్డీకి జాగ్రత్త, ఎండకు నీడ – కారణాన్ని బట్టి పాఠం మారింది. మారనిది, దాన్ని రోగికి తెలిసిన మాటల్లో చెప్పవలసిన అవసరం. ఆ మాటలను సమకూర్చే పనిలో వైద్యరంగంతోపాటు తెలుగు శాఖలకూ బాధ్యత ఉంది.