వేగమా, కాపలానా?

ఇద్దరు ప్రోగ్రామర్లు ఉన్న ఇంట్లో భోజనాల దగ్గర ఒక వాదన తప్పదు. వేగంగా పనిచేయాల్సిన సాఫ్ట్‌వేర్‌ని సిలోనే రాయాలా, రస్ట్‌కి మారాలా? ఒకరు వేగం పోతుందంటారు, ఇంకొకరు భద్రత ముఖ్యమంటారు. ఈ తగువు కొత్తది కాదు. యాభై ఏళ్ళ క్రితం ఇదే బోనులో సి భాష నిలబడింది.

1969లో న్యూజెర్సీ బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ మొదలుపెట్టిన యూనిక్స్ అసెంబ్లీ భాషలో ఉండేది. అంటే యంత్రం చేసే ఒక్కొక్క చిన్న పనికీ ఒక్కొక్క ఆజ్ఞ మనమే రాసివ్వాలి. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే అలాగే రాయాలని అప్పట్లో చాలామంది నమ్మకం. బరోస్ కంపెనీ 1960లలోనే ఆల్గాల్ తరహా భాషలో రాసి చూపించిందనుకోండి, కానీ అవి పెద్ద యంత్రాలు. థాంప్సన్ దగ్గర ఉన్నది చిన్న పీడీపీ.

ఆయన చేసిన బి భాషను పట్టుకుని డెన్నిస్ రిచీ సి తయారుచేస్తున్నాడు. 1972లో థాంప్సన్ కెర్నల్‌ని సిలో రాయబోయి, కుదరక వదిలేశాడు. అప్పటికి సిలో స్ట్రక్చర్లు లేవు. ఒక ఫైలుకు సంబంధించిన వివరాలన్నీ ఒక్క మూటగా కట్టే వీలు లేదన్నమాట. రిచీ వాటిని చేర్చాక, 1973 వేసవిలో కెర్నల్ సిలోకి వచ్చేసింది.

ఊరికే రాలేదు. కొత్త సిస్టమ్ పాతదానికంటే దాదాపు మూడో వంతు పెద్దదైందని 1974 నాటి వ్యాసంలో వాళ్ళే రాసుకున్నారు. మెమొరీ ఎంతో ఖరీదైన రోజులవి. అయినా చదవడం, మార్చడం తేలికైంది, కొత్త సదుపాయాలూ చేరాయి కాబట్టి ఫరవాలేదన్నారు. నష్టమే లేదని దబాయించకపోవడం నాకు నచ్చింది. కొన్నేళ్ళకే యూనిక్స్ ఇంటర్‌డేటా అనే వేరే కంపెనీ యంత్రం మీదకీ ఎక్కింది. అసెంబ్లీలోనే ఉండిపోయుంటే మళ్ళీ మొదటినుంచి రాయాల్సి వచ్చేది.

కానీ సి ఒక కాపలా పెట్టుకోలేదు. వంద గళ్ళ పట్టికలో నూట ఒకటో గడిలో రాస్తే ఆపే దిక్కు లేదు. ఇంగ్లండులో ఎలియట్ కంపెనీ ఆల్గాల్ కంపైలరు ప్రతి గడినీ సరిచూసేది. వేగం కోసం ఆ తనిఖీ తీసేసే వీలు కల్పించమంటారా అని అడిగితే కస్టమర్లు ముక్తకంఠంతో వద్దన్నారని టోనీ హోర్ 1980 ట్యూరింగ్ ఉపన్యాసంలో చెప్పారు. ఆ మాట ఎంతమంది చెవికెక్కిందో గాని, 1988 నవంబరు 2న మోరిస్ వర్మ్ బయటపడింది. ఫింగర్ అనే ప్రోగ్రాములో 512 బైట్లకే చోటుంటే, అంతకన్నా ఎక్కువ పంపి యంత్రాల్లోకి దూరింది.

రస్ట్ 2006లో గ్రేడన్ హోర్ సొంత పనిగా మొదలైంది. ఈయన వేరే హోర్ లెండి. 2015లో 1.0 వచ్చింది. మెమొరీ ఎవరి చేతిలో ఉందో, ఎప్పుడు వదలాలో కంపైలరే ముందుగా చూసుకుంటుంది కాబట్టి, ఆ పనికి నడిచేటప్పుడు ఖర్చు ఉండదు. పట్టిక హద్దులు మాత్రం నడుస్తుండగానే సరిచూస్తుంది, అదే ఎలియట్ కస్టమర్లు కోరుకున్న కాపలా. 2022 డిసెంబరులో లినక్స్ 6.1 రస్ట్‌కి తలుపు తెరిచింది.

ఆండ్రాయిడ్ భద్రతా లోపాల్లో మెమొరీ తప్పుల వాటా 2019లో 76 శాతం, 2024లో 24 శాతం అని గూగుల్ లెక్క. ఇందుకోసం పాత కోడునంతా వాళ్ళు తిరగరాయలేదు. కొత్తగా రాసేది మాత్రం ఎక్కువగా ఇలాంటి కాపలా ఉన్న భాషల్లో రాస్తూ వచ్చారు.