చీటీ ఉందా?

మందుల షాపులో ఈ ప్రశ్న ఎదురుకాని ఇల్లాలు ఉండదు. జ్వరం మాత్రకు అడగరు. నిద్రమాత్ర అంటే మాత్రం వెంటనే, "చీటీ ఉందామ్మా?" అంటారు. అంటూ మన మొహంలోకి ఓసారి చూస్తారు కూడా. ఆ చూపుకి షాపబ్బాయిని తప్పుపట్టి లాభం లేదు. దాని వెనక నూరేళ్ళ చట్టాలున్నాయి.

మా అవ్వది పుంగనూరు. ఆమె చిన్నతనంలో చంటిబిడ్డ రాత్రంతా ఏడిస్తే ఆవగింజంత నల్లమందు పాలల్లో రంగరించి పట్టేవాళ్ళట. తెల్లారి పొలం పనికి పోవాల్సిన తల్లి మరేం చేస్తుంది? అది ప్రమాదమని ఆ తల్లికి చెప్పినవాళ్ళెవరు? నల్లమందు అమ్మకానికి 1878 చట్టం కింద సర్కారే లైసెన్సులిచ్చేది. ఇంత మించి దగ్గరుంచుకోకూడదని ఓ హద్దు ఉండేది తప్ప, డాక్టరు చీటీ ఊసే లేదు. సర్కారుకు సుంకం ముట్టితే చాలు. మన తెలుగుదేశంలో గోదావరి వైపు ఈ వాడకం మరీ ఎక్కువగా ఉండేదని ఆనాటి లెక్కలు.

చీటీ సముద్రాలు దాటి వచ్చింది. 1925లో జెనీవాలో పలు దేశాలు ఒప్పందం చేసుకున్నాయి, మార్ఫిన్ లాంటి మందులు వైద్యానికే వాడాలని. దాని ప్రకారం మన దేశంలో 1930లో ప్రమాదకర మందుల చట్టం వచ్చింది. స్వతంత్రం వచ్చాక, 1949లో, వైద్యానికి తప్ప నల్లమందు అమ్మకం పదేళ్ళలో ఆపేయాలని నిర్ణయించారు. 1959తో ఆ కొట్లు మూతపడ్డాయి.

ఈలోగా ఇంకో గొడవ. బజారులో అమ్మే క్వినైన్‌లో క్వినైన్ ఎంతో దేవుడికెరుక! కర్నల్ రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన 1930-31లో కమిటీ వేస్తే, కల్తీ సంగతులూ, చదువులేని మందు కలిపేవాళ్ళ సంగతులూ బయటపడ్డాయి. ఆ నివేదిక ఫలితమే 1940 మందుల చట్టం. దాని కింద 1945లో చేసిన నియమాల్లో చీటీ ఎలా ఉండాలో రాశారు. రాతలో ఉండాలి, రోగి పేరూ చిరునామా ఉండాలి, తేదీ ఉండాలి, డాక్టరు 'తన మామూలు సంతకం' చేయాలి. ఆ మామూలు సంతకం అన్నమాట నాకు భలే ఇష్టం. చదవగలిగేలా ఉండాలని మాత్రం ఎవరికీ తోచినట్టు లేదు! చదవగలిగే చీటీ రోగి ప్రాథమిక హక్కు అని పంజాబ్, హర్యానా హైకోర్టు చెప్పేసరికి 2025 వచ్చింది.

తర్వాత్తర్వాత మందుల్ని జాబితాలుగా విడదీశారు. 'ఎక్స్' జాబితాలోని మందుకు చీటీ రెండు ప్రతులు కావాలి. ఒకటి షాపువాడు రెండేళ్ళు దాచాలి. 2014 మార్చి 1 నుంచి 'హెచ్-1' అని 46 మందుల జాబితా వచ్చింది. రోగి పేరూ, రాసిన డాక్టరు పేరూ విడిగా రిజిస్టరులో ఎక్కించి మూడేళ్ళు ఉంచాలి. మన నిద్రమాత్రలు కొన్ని అందులోవే. క్షయ మందులూ అందులోవే. మదనపల్లె వాళ్ళకు ఈ మాట వింటే ఆరోగ్యవరం గుర్తు రాకమానదు. ఆ శానిటోరియం మొదలయిన నాటికి ఆ జబ్బుకు మందన్నదే లేదు. విశ్రాంతీ, మంచి గాలీ, తిండీ, అంతే. ఇప్పుడు మందుంది. విచ్చలవిడిగా మింగితే పనిచేయకుండా పోతుందన్న భయంతో ఆ మందుకు కాపలా కూడా ఉంది.

కాపలా మంచిదే. నేను కాదనను. కానీ 1985 సంగతి వినండి. ఆ ఏడు మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. కొన్ని నేరాలకు తక్కువలో తక్కువ పదేళ్ళు జైలు. దొంగవ్యాపారం చేసేవాడు జడిశాడో లేదో గానీ, డాక్టర్లూ ఆసుపత్రులూ జడుసుకున్నారు. మార్ఫిన్ ఉంచుకోవాలంటే ఒక్కో ఆఫీసు నుంచి ఒక్కో లైసెన్సు. ఒకటి వచ్చేసరికి ఇంకోదాని గడువు తీరేది. 1997 నాటికి ఇంత దేశం మొత్తంమీద వైద్యానికి వాడిన మార్ఫిన్ 18 కిలోలు! గసగసాల పంట పండించి ప్రపంచానికి నల్లమందు ఎగుమతి చేసే దేశంలో, కాన్సరుతో మూలిగే ఆడది ఉత్త మామూలు నొప్పిమాత్రతో రాత్రి గడపాల్సి వచ్చింది. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి పోరితే 2014లో చట్టం సవరించారు. మార్ఫిన్‌తో సహా ఆరు మందులకు దేశమంతా ఒకే నియమం, గుర్తింపు పొందిన ఆసుపత్రికి ఒకే అనుమతి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి ఈ ఉపశమన వైద్యానికి పేరు తెచ్చుకుంది. మన మూలకు అది ఎంత దూరమో వేరే చెప్పాలా?

ఇప్పుడు కాగితమే పోతోంది. న్యూయార్కు రాష్ట్రంలో 2016 మార్చి 27 నుంచి డాక్టర్లు మందుల చీటీని కంప్యూటరు ద్వారా నేరుగా షాపుకు పంపాలి. అక్కడ చీటీ పుస్తకాలు దొంగిలించి, దొంగ సంతకాలతో నొప్పిమాత్రలు కొనేవాళ్ళు ఎక్కువయ్యారు మరి. మన దగ్గర ఫోనులో వైద్యానికి 2020 మార్చి 25న నియమాలు వచ్చాయి. కుప్పంలో 2025లో డిజిటల్ నెర్వ్ సెంటర్ ప్రారంభించారు, రోగుల వివరాలు కంప్యూటర్లో కలపడానికి. సంతోషమే. చిత్రమేమిటంటే, ఆ 2020 నియమాల ప్రకారం ఫోనులో చూసి అన్ని మందులూ రాయకూడదు. ఎక్స్ జాబితావీ, మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చేవీ నిషిద్ధం. దగ్గు మందుకు కదలక్కర్లేదు గానీ, మంచం మీంచి కదల్లేని మనిషికి కావలసిన మందుకు మాత్రం కదిలి తీరాలి! అక్కడ దొంగను ఆపడానికి కంప్యూటరు తెచ్చారు. ఆ కంప్యూటరే ఇక్కడ రోగికి దారి తీయగలదు కదా, ఎందుకు తీయకూడదో నాకైతే అర్థం కాదు.

పుంగనూరులో మాకు తెలిసినామె అట్లా మంచంలో ఉంది. కుప్పంలో ఉంటే రైలన్నా ఎక్కేవాళ్ళు. పుంగనూరికి రైలు లేదు. మార్ఫిన్ మాత్ర ఖరీదు చూస్తే కొద్ది రూపాయలే, బస్సు చార్జీలూ పోయిన కూలీ దానికి ఎన్నో రెట్లు. ఆమె కొడుకు తెల్లవారుజామునే లేచి రాయవేలూరుకు పోతాడు. చొక్కా జేబులో పోయినసారి చీటీ, చంకలో పాలితిన్ కవరు నిండా రిపోర్టులు. అతను తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. మాత్రలు ఆ ముందురోజే అయిపోయి ఉంటే, ఆ పగలంతా కోడలు ఆమె వీపు రాస్తూ కూర్చుంటుంది.