గోధుమరంగు కాగితం చేసిన మేలు

పూర్వకాలపు కొయ్య ఓడలకు తుపానుకంటె ఓడపురుగు భయంకరమైన శత్రువు. ఆల్చిప్పల జాతికి చెందిన ఈ జీవి పలకలలో సొరంగాలు తొలిచి ఓడ అడుగును జల్లెడ చేస్తుంది. దీనిని అరికట్టడానికి 1761లో బ్రిటిష్ నౌకాదళంవారు ‘అలారం’ అనే యుద్ధనౌక అడుగుకు పలుచని రాగిరేకులు తాపడం చేయించారు. ఓడ వెస్టిండీస్ సముద్రాలలో తిరిగి వచ్చినది. 1763లో పరీక్షించి చూడగా పురుగు బాధ లేదు గాని, కొన్నిచోట్ల రేకులే ఊడిపోయి ఉన్నవి. వాటిని పట్టి ఉంచిన ఇనుప మేకులు తుప్పుముద్దలై పోయినవి.

వింత ఏమనగా, కొన్ని మేకులు చెక్కుచెదరలేదు. రాగిరేకులకు చుట్టి తెచ్చిన గోధుమరంగు కాగితం ఆ మేకులకూ రేకుకూ నడుమ చిక్కి ఉండిపోయినది. పనివాని అశ్రద్ధ ఇంతటి ఉపకారం చేయడం అరుదు! సముద్రపు నీటిలో ఇనుము రాగిని తాకరాదని పరీక్షకులు గ్రహించారు. కారణం మాత్రం ఎవరికీ తెలియదు. వోల్టా విద్యుద్ఘటమాల వెలువడడానికి అప్పటికింకా 37 ఏండ్లు ఉన్నది.

ఉప్పునీటిలో రెండు భిన్నలోహాలు తాకి ఉంటే అదొక విద్యుద్ఘటమే. ఎలక్ట్రానులను తేలికగా వదలే ఇనుము కరిగిపోతుంది. రాగి క్షేమంగా ఉంటుంది. రాగి విశాలమై, ఇనుము చిన్నదైతే నష్టమంతా ఆ చిన్నముక్కమీదనే పడుతుంది. మేకులకు పట్టిన గతి అదే.

1824లో హంఫ్రీ డేవీ ఈ అపకారాన్నే ఉపకారంగా మార్చదలచాడు. సముద్రజలంలో రాగిరేకులు కూడ క్రమంగా అరిగిపోయేవి. వాటికి ఇనుప దిమ్మెలో, జింకు దిమ్మెలో తగిలిస్తే, అవి తాము కరిగి రాగిని కాపాడతాయని ఆయన ప్రయోగాలతో నిరూపించాడు. కొచ్చిన్‌లో నిర్మించిన ‘సమరాంగ్’ మొదలైన నౌకలకు వాటిని బిగించి చూశారు. రాగి నిలిచినది. కాని ఇట్లు రక్షణ పొందిన ఓడల అడుగున నాచు, గుల్లలు దట్టంగా పట్టి వేగం మందగించినది. కొద్దికొద్దిగా కరిగే రాగియే వాటికి విషమై, అంతవరకు దూరంగా ఉంచినది! నౌకాదళం ఆ పద్ధతిని విడిచిపెట్టినది. డేవీ సిద్ధాంతంలో దోషం లేదు. అది మరీ చక్కగా ఫలించడమే చిక్కు.

ఇండ్లలోని నీటిగొట్టాలలోను ఇదే వ్యవహారం. జింకుపూత గల ఇనుప గొట్టానికి రాగి గొట్టాన్ని నేరుగా బిగిస్తే అతుకువద్ద ముందు జింకు, పిదప ఇనుము కరిగిపోతాయి. నీటిలో లవణాలు హెచ్చినకొద్దీ ఈ పని చురుకవుతుంది. అందుచేత రబ్బరు వాషరు, ప్లాస్టిక్ తొడుగు గల యూనియన్‌ను నడుమ అమర్చి, లోహానికి లోహం తగలకుండ చేస్తారు. అలారం నౌకలోని కాగితం చేసిన పని ఇదే. బోల్టులతో బిగించే అతుకైతే వాటికి కూడ తొడుగులు వేయాలి. ఒక్క బోల్టు తగిలినా ఘటం పూర్తి అవుతుంది. యూనియన్ ఉన్నది కదా అని నీటిని రాగి గొట్టంనుండి జింకుపూత గొట్టంలోకి పారించరాదు. నీటితో వచ్చిన రాగి లేశాలు జింకుమీద పేరుకొని, అక్కడక్కడ చిన్న ఘటాలను ఏర్పరుస్తాయి.

డేవీ పద్ధతి కూడ వృథా కాలేదు. భూమిలో పాతిన ఉక్కు గొట్టాలకు మెగ్నీషియం దిమ్మెలను తీగతో కలిపి పాతిపెడతారు. అవి కరిగిపోయినప్పుడు కొత్తవి అమర్చుతారు.