అతివేగంగా, అజాగ్రత్తగా: రెండు మాటల పూర్వకథ

తిరువొత్తియూరుకు దక్షిణాన చెన్నై రేవు, ఉత్తరాన ఎన్నూరు రేవు. రెంటి మధ్యా తిరిగే కంటైనర్ లారీలకు ఈ ఊరే దారి. ఎవరినైనా లారీ గుద్దితే పోలీసు స్టేషన్‌లో తమిళంలో రాసే కాగితంలో ‘అతివేగమాగవుం, అజాక్కిరదైయాగవుం’ అన్న జంటపదాలు తప్పక కనిపిస్తాయి. ఇక్కడి తెలుగువాళ్లకు వాటిని ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. నెల్లూరులో రాసినా ‘అతివేగంగా, అజాగ్రత్తగా’ అనే రాస్తారు. రెండు భాషల్లోని జంటకూ మూలం ఒకటే: భారత శిక్షాస్మృతి 336వ సెక్షన్‌లోని ‘రాష్‌లీ ఆర్ నెగ్లిజెంట్‌లీ’.

తప్పు పని ఏదన్నది ఎంత ముఖ్యమో, అది ఎలా జరిగిందన్నదీ అంతే ముఖ్యమని ఆ శిక్షాస్మృతి రాసినవాళ్లు గట్టిగా నమ్మారు. 1834 జూన్‌లో మద్రాసు తీరంలో దిగిన మెకాలే నాయకత్వంలో 1837కు ముసాయిదా సిద్ధమైంది. చట్టమయ్యేసరికి 1860, అమలుకొచ్చేసరికి 1862 జనవరి 1. నేరాల జాబితా కన్నా చాలా ముందే, 24, 25 సెక్షన్లలో ‘డిసానెస్ట్‌లీ’, ‘ఫ్రాడ్యులెంట్‌లీ’ అన్న క్రియావిశేషణాలకు అర్థం చెప్పారు. ఒకరికి అక్రమ లాభమో మరొకరికి అక్రమ నష్టమో కలిగించాలన్న ఉద్దేశంతో చేస్తే మొదటిది. మోసగించే ఉద్దేశంతో చేస్తే రెండోది. వస్తువు తీసుకున్న చెయ్యి ఒకటే అయినా, తనదనుకుని పొరపాటున తీసుకున్నవాడు దొంగ కాడు. 76, 79 సెక్షన్లు కూడా వాస్తవాన్ని పొరబడి సద్బుద్ధితో చేసిన పనిని మన్నించాయి. చట్టం తెలియక చేశానంటే మాత్రం ఒప్పుకోలేదు.

‘రాష్‌లీ’, ‘నెగ్లిజెంట్‌లీ’ మాటలకు మాత్రం చట్టం అలా నిర్వచనం ఇవ్వలేదు. ఆ పని మద్రాసు హైకోర్టు మీద పడింది. చావుకు దారితీసిన నిర్లక్ష్యాన్ని శిక్షించే 304ఎ సెక్షన్ 1870లో చేరింది. రెండేళ్లకే, 1872లో, నిడమర్తి నాగభూషణం కేసు వచ్చింది. ఇంటిపేరే తెలుగువాడని చెబుతోంది. ఇప్పుడు మనం చూసే హైకోర్టు ఎర్ర భవనం లేవడానికి ఇంకా ఇరవై ఏళ్లుంది. ఆ తీర్పులో జస్టిస్ హాలోవే గీసిన గీత నేటికీ చెరగలేదు. కీడు జరగవచ్చని తెలిసీ, జరగదులే, నేను చూసుకుంటానులే అనే ధీమాతో చేసేది మొదటి రకం. కీడు సంగతే మనసుకు తట్టకుండా, తట్టేంత జాగ్రత్త తీసుకోవలసి ఉండీ తీసుకోకుండా చేసేది రెండో రకం. ఒకడు తెలిసి తెగించాడు, ఇంకొకడికి తెలుసుకోవాలన్న ధ్యాసే లేదు.

ఈ తేడాను ‘అతివేగంగా’ అన్న అనువాదం మింగేసిందని నా బాధ. వెనక పిల్లలు ఆడుకుంటున్నారని తెలిసీ, తప్పుకుంటారులే అని ట్రైలర్‌ను నెమ్మదిగా వెనక్కి తీసేవాడిలో వేగం లేదు, తెగింపు ఉంది. హాలోవే లెక్కలో వాడిది మొదటి రకమే. కాగితం మీద అలవాటుగా అతివేగం అని రాసేస్తే, కోర్టులో వేగం రుజువు కాక అసలు తప్పు పక్కకు పోయే ప్రమాదం ఉంది. చనిపోయినవాడి ఇంటివాళ్లకూ, స్టీరింగ్ పట్టినవాడికీ సరైన మాట దక్కాలి. ‘తెగింపుగా’ అన్న తెలుగు మాట మనకు ఉండనే ఉంది.

విచిత్రమేమిటంటే, ఇంగ్లిషు ‘రాష్’కు పుట్టినప్పటి అర్థం చురుకు, వేగమే. జర్మన్‌లో ‘రాష్’ అంటే నేటికీ వేగమే. ముందువెనకలు చూడని దుడుకుతనం తరవాత వచ్చి చేరింది. దాని తోటి మాటలూ ఇలా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవే. ‘రాంగ్’ వైకింగుల భాషలో వంకర. ‘మిస్టేక్’ కూడా అక్కడిదే, తప్పుగా పట్టుకోవడం. ‘ఎర్రర్’ లాటిన్‌లో దారితప్పి తిరగడం. ‘నెగ్లిజెంట్’ అంటే ఏరి తీసుకోనివాడు. ‘రాష్’, ‘నెగ్లిజెంట్’ లాంటి మాటలను క్రియావిశేషణాలుగా మార్చే ‘లీ’ పాత ఇంగ్లిషులో ఒళ్లు, రూపం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. మన ‘గా’ ‘అగు’ ధాతువు బిడ్డ. ఇంగ్లిషువాడు పని రూపం చూశాడు, తెలుగువాడు పని ఏమైందో చూశాడు.

2024 జులై 1న శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 304ఎ ఇప్పుడు 106(1) అయింది, గరిష్ఠ శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. గుద్ది, చెప్పకుండా పారిపోయిన డ్రైవర్‌కు పదేళ్ల దాకా జైలు విధించే 106(2) మీద ఆ ఏడాది జనవరిలోనే లారీ డ్రైవర్లు సమ్మెకు దిగారు. మిగతా చట్టం అమలుకొచ్చిన రోజున ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు. పాత 336 కొత్త చట్టంలో 125వ సెక్షన్ అయింది. ‘రాష్‌లీ ఆర్ నెగ్లిజెంట్‌లీ’ అందులో ఉన్నది ఉన్నట్టే ఉంది.