పల్నాటి పత్తియు, ఇంటి కదురును

పల్నాటి సీమను గూర్చి శ్రీనాథుని దని లోకమున వాడుకలోనున్న చాటువొకటి చదువరు లెఱిగినదే. రసికుడు ఆ సీమకు పోడనియు, అచట మన్మథు డంతవాడైనను జొన్నకూడే కుడుచుననియు, రాజైనను దున్నుననియు, రంభయైనను ఏకులే వడకుననియు దాని తాత్పర్యము. సన్నబియ్యపు భోజనమునకును, రాజసభలకును అలవాటుపడిన కవి మెట్టసీమను జూచి నవ్విన నవ్వది. ఐదువందల యేండ్లుగా మనమును ఆయనతో గూడి నవ్వుచున్నాము. కాని యా పద్యమును వేళాకోళముగా గాక సాక్ష్యముగా చదివి చూడుడు. కవి యతిశయోక్తిని తీసివేసినను మిగులు సత్య మొకటి కలదు: ఆ సీమలో వడకుట ఒక కులమువారి వృత్తి గాదు, స్త్రీయై పుట్టినవారి దినచర్య. పల్నాటి వీరుల కత్తులను గూర్చియు, కోడిపందెమును గూర్చియు మనవారు గ్రంథములు వ్రాసిరి. కదురును గూర్చి వ్రాసినవా రరుదు.

ఆడుదానిని కదురుతో ముడివెట్టి ఎత్తిపొడుచుట మన కవికే చెల్లినది కాదు. బహమనీల ఆశ్రయమున 1350 ప్రాంతమున పారసీక భాషలో చరిత్రకావ్యము వ్రాసిన ఇసామీ, ఢిల్లీ నేలిన రజియా సుల్తానాను నిందించుచు, స్త్రీకి సింహాసనమేల, రాట్నము ముందు కూర్చుండుట మేలు గదా యనెను. మన దేశమున రాట్నమును పేర్కొన్న తొలి సాక్ష్యములలో నిది యొకటి యని చరిత్రజ్ఞు లెంచుచున్నారు. రాట్నము మన వాఙ్మయమున అడుగిడుటయే ఒక తిట్టుగా నడుగిడినది!

ముప్పాళ్ళ సత్తెనపల్లికిని నరసరావుపేటకును నడుమ నున్నది. పూర్వము పల్నాడనగా గురజాల, మాచర్ల ప్రాంతములే. 2022లో ఏర్పడిన జిల్లాతో ఆ పేరు ఈ తూర్పు గ్రామములకును వచ్చినది. పేరు క్రొత్తదైనను నేల పాతదే. ఒక వాన కురిసిన చాలకాలము తేమ నిలుపుకొను నల్లరేగడి. 1967లో నాగార్జునసాగరపు కుడికాలువకు నీరు వదలువఱకు ఈ సీమలో జొన్న, కంది, పత్తి వానను నమ్ముకొనియే పండినవి. గుంటూరు, కృష్ణా మండలములలో ఆనాడు పండిన పత్తిలో కొంత ఎఱ్ఱచాయ గలది. దానిని వర్తకులు కాకినాడ రేవు పేరుతో పిలిచెడివారు. పింజ పొట్టిది, మరకు నచ్చనిది, చేతికి లొంగునది.

అట్టి పత్తి పండిన చిన్నకమతపు టింటిలో ఎవ రే పని చేసెడివారో చూతము. దున్నుట, విత్తుట, అంగడికి తోలుట పురుషుని పనులు. కాయ పగిలిన పిదప పని యంతయు స్త్రీలదే. మంచు ఆరిన వెనుక చేనిలో దిగి, ఎండుటాకు అంటుకొనకుండ పత్తి తీయవలెను. ఆకు నలిగి దూదిలో కలిసెనా, రేపు ఏకునప్పుడు ప్రతి నలుసును ఏరవలసివచ్చును. తెచ్చిన పత్తిని ఎండబెట్టవలెను. ఒకదానినొకటి యొరసికొని తిరుగు రెండు కఱ్ఱల నడుమ పెట్టి గింజ తీయవలెను. దూది అవతలికి పోవును, గింజ ఇవతల రాలును. ఆ గింజలలో మంచివి విత్తునకు దాచి, తక్కినవి నానబెట్టి రుబ్బి పాడిగేదెకు పెట్టెడివారు. పాలలో వెన్న పెరుగునని నమ్మకము. చేనిలో మిగిలిన పత్తికట్టె పొయ్యిలోనికి. ఈ పంటలో పాఱవేయునది లేదు.

అటుపిమ్మట దూదేకులవారు విల్లు పట్టుకొని వచ్చి దూది నేకి పోయెడివారు. పింజను సన్నని పుల్లకు చుట్టి పుల్ల లాగివేసిన ఏకు సిద్ధమగును. ఇక రాట్నము. అది పని గాని పనిగా నుండెడిది. బిడ్డను ఒడిలో నుంచుకొనియు, ఎసరు కాగులోపలను, పొరుగింటి కష్టసుఖములు వినుచును వడకవచ్చును. ఈ సౌలభ్యమే ఆమెకు చెఱుపు చేసినది. వేరుగా సమయము కేటాయింపని పనిని పనిగా ఎవరు లెక్కింతురు? ఒక మగ్గమునకు ఎడతెగక నూలందవలెనన్న పెక్కుమంది ఆడువారు వడకవలెను; అయినను బట్టకు నేతగాని పేరే నిలిచినది.

ఆ నేతగాడును సుఖపడలేదు. దేవాంగులు, సాలెలు మేలిబట్టలు నేయగా, పల్లెజనము కట్టు ముతకబట్టను తెలుగు గ్రామములలో పెక్కుచోట్ల నేసినవారు మాలలు. రైతుటిల్లాలు వడకిన నూలును వారికిచ్చి బట్ట తీసికొనెడిది. పడుగు పేకలలో ప్రతి పోగును తడిమి చూచిన చేయి ఆ చేయి. బట్ట వంటయింటివఱకు పోవును. దానిని నేసినవాడు ముంగిటనే నిలువవలెను. ఈ వింతను మన పెద్దలు తలపోసినట్లు కనబడదు.

ఈ గొలుసు తెగుట మొదట వడకువారికడనే తెగినది. 1820ల నుండి ఆంగ్లదేశపు మరనూలు మనకు దిగుమతి యగుచుండెను. నేతగాడు ఆ నూలుతో కొంతకాలము బ్రదుకగలిగెను. వడకునామెకు ఆ దారి లేదు. 1828లో వంగదేశపు ‘సమాచార దర్పణ’ పత్రికకు శాంతిపురపు వితంతు వొకతె పేర ఒక జాబు వచ్చినది. భర్త పోయిన పిదప తాను రాట్నముతోనే అత్తమామలను, ముగ్గురు కుమార్తెలను పోషించితిననియు, మామగారి శ్రాద్ధమును, బిడ్డల పెండ్లిండ్లును ఆ సంపాదనతోనే జరిపితిననియు, ఇపుడు విలాయతి నూలు వచ్చినందున తన నూలు కొనువారు లేరనియు ఆమె మొఱ. పల్నాటి స్త్రీ అట్టి జాబు వ్రాయలేదు. వ్రాయుటకు ఆమెకు చదువు లేదు. 1881 డిసెంబరు 11న వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించునాటికి, కులముల భేదముల మాట యెట్లున్నను, వితంతువునకు తన చేతితో తాను బ్రదుకు నొక తెఱువు మూసికొనిపోయి చాలకాలమైనది. ఆమె దైన్యమునకు శాస్త్రములను మాత్రమే కారణముగా చెప్పుట చాలదని నా తలంపు.

రాట్నమునకు గౌరవము 1921లో వచ్చినది. బెజవాడలో చేరిన కాంగ్రెసు సంఘము ఇరువది లక్షల రాట్నములు నెలకొల్పవలెనని తీర్మానించినది. గాంధీజీ కోరగా పింగళి వెంకయ్యగారు రాట్నముగల పతాకమును చిత్రించి యిచ్చినదియు నచటనే. ఆ వెంకయ్యగారు కంబోడియా పత్తిని పరిశోధించి ‘పత్తి వెంకయ్య’ యనిపించుకొన్నవారు. చేనిని ఎఱిగినవాడే జెండాను గీసెను. అయినను జెండా యెక్కిన రాట్నము కూలి పెంచలేదు. ఖద్దరు చవుకగా నుండవలెనన్న ఆతురతలో వడకువారి కిచ్చునది అతిస్వల్పమయ్యెను. 1935లోగాని చరఖా సంఘము వారికి జీవనవేతన మీయవలెనన్న నియమమును స్వీకరింపలేదు. ధర పెరిగిన ఖద్దరు అమ్ముడుపోదని శంకించినవారు కలరు. గాంధీజీ పట్టు విడువలేదు. ఈ తీర్మానమునకు మన పాఠ్యగ్రంథములలో ఒక్క పంక్తియైన దొరకుట కష్టము. నాకు మాత్రము అది ఉప్పు సత్యాగ్రహమునకు తీసిపోనిదిగా తోచును.

శ్రీకాకుళపు పొందూరులో ఆ పాత పని నేటికిని ఉన్నది. వాలుగచేప దవడ యెముకతో పత్తిని దువ్వి, ఏకులను ఎండిన అరటిదొన్నెలో భద్రపఱచి, ఒంటికదురు రాట్నముపై నూఱు నంబరు నూలు తీయుదురు. పల్నాట అది నిలువలేదు.

ఇచట పత్తి మిగిలెను, కదురు పోయెను. తరువాత గింజయు పోయినది. 1970లో సూరతు పరిశోధనక్షేత్రమున ప్రపంచపు తొలి వాణిజ్య సంకరపత్తి వెలువడెను. సంకరపు గింజ దాచి విత్తిన పైరు తల్లిని పోలదు. కావున ఏటేట కొనవలసినదే. ఆ విత్తనము పుట్టించుటకు పూవు పూవునకు చేతితో పుప్పొడి అద్దవలెను. కర్నూలు, మహబూబునగరు మండలముల చేలలో ఆ పనికి బడియీడు బాలికలను చాలకాలము పెట్టిరి. మరల ఆడుదాని వ్రేళ్ళే! 1980ల నడుమ తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని మ్రింగెను. 1987–88లో అప్పులు తీర్చలేక రైతులు ప్రాణములు తీసికొనిరి. వారి యిల్లాండ్రలో పెక్కుర పేర పట్టా లేదు. పత్తి తీసినది, కలుపు తీసినది తామేయైనను కాగితములలో వారు రైతులు కారు. అప్పు మాత్రము వారిదే. శాంతిపురపు వితంతువునకు రాట్నమైన నుండెను.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినది. 450 గ్రాముల విత్తన సంచి 1,600 రూపాయలు దాటగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వ్యాజ్యెమునకు దిగి, 2006లో 750 రూపాయలకు తగ్గింపజేసెను. ఒకప్పుడు ముప్పాళ్ళ వంటి యూళ్ళలో గేదెకు నానబెట్టిన గింజ అది. ఇపుడు చేనిలో తీసిన పత్తి గింజతోనే మూటకట్టి మిల్లునకు పోవుచున్నది. తీసిన స్త్రీకి కిలో లెక్కన కూలి. సాయంకాలము గట్టుమీద కాటా వ్రేలాడదీసి మూట తూచునప్పుడు, ముల్లు ఎచట నిలిచినదో చూచుటకు ఆమె దగ్గఱకు వచ్చి నిలుచుండును.