మూడు దూరములు: ఉత్తర తెలంగాణమున ఉన్నత విద్య

ఒక దేశము ధనవంతము కావలెనన్న గనులు, నదులు, అడవులు ఉన్నంతమాత్రమున చాలదు. వానిని వినియోగించుకొను తెలివి ఆ నేల మనుష్యులలో పెరుగవలెను. ఈ మాట పెద్దలు పలుమాఱు చెప్పినదే. కాని దీని సత్యమును నిరూపించుటకు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల చరిత్రకంటె మంచి దృష్టాంతము మాకు కనబడలేదు. గోదావరికి ఇరుదరుల నున్న ఈ సీమలో బొగ్గు గలదు, సున్నపురాయి గలదు, టేకు గలదు, నల్లరేగడిలో ప్రత్తి గలదు. 2016లో ఈ రెండును పలు జిల్లాలుగా విభజింపబడినవి; అయినను చరిత్ర చెప్పునపుడు పాతపేళ్లతోనే చెప్పుట సుకరము.

కాలక్రమమును ఒకమాఱు పరికింతము. గోదావరి యుత్తరపుటొడ్డున బెల్లంపల్లి ప్రాంతమున బొగ్గు త్రవ్వకము 1920 తరువాతి దశాబ్దములోనే యారంభమైనది. సిర్పూరు కాగితపు మిల్లు 1942లో కాగితము తీయ మొదలిడినది. దానివలననే కాగజ్‌నగరమునకు ఆ పేరు వచ్చినది. రామగుండమున 1971లో చిన్న విద్యుత్కేంద్రమును, 1983లో జాతీయ తాపవిద్యుత్సంస్థవారి మహాకేంద్రమును పని ప్రారంభించినవి. ఈ రెండవది 2004 నాటికి 2600 మెగావాట్లకు పెరిగినది. ఇన్ని జరిగినను, ఈ రెండు జిల్లాలకు తమదని చెప్పుకొనదగిన విశ్వవిద్యాలయ మేదియు 2008 వఱకు లేదు. బొగ్గు మొదట వచ్చెను. విశ్వవిద్యాలయము దాని వెనుక ఎనుబదియేండ్లకు వచ్చెను.

ఈ యాలస్యమునకు ప్రజల యశ్రద్ధయే కారణమని కొందఱందురు. అది సరికాదు. విద్యకును ప్రజకును నడుమ మూడు దూరములు ఉండెను. విద్య పరభాషలో నుండుట మొదటిది. దాని వాకిలి సామాన్యునికి అందకుండుట రెండవది. చదివిన చదువునకును, చుట్టునున్న పనికిని సంబంధము లేకుండుట మూడవది. మొదటి రెండింటిని తగ్గింప బూనినవారిలో ఇద్దఱు కరీంనగరము జిల్లా బిడ్డలే యగుట మనకు గర్వకారణము. మూడవది నేటికిని తఱుగలేదు.

భాషమాట మొదట చెప్పుదము. 1917లో సంకల్పింపబడి 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము భారతదేశమున నొక నూతనమార్గమును త్రొక్కినది. తక్కిన విశ్వవిద్యాలయములు ఇంగ్లీషున బోధించుచుండగా ఇది ఉర్దూను బోధనభాషగా గ్రహించినది. పాఠ్యగ్రంథములకై అనువాదశాలను నెలకొల్పినది. ఉన్నతశాస్త్రములను దేశభాషలో బోధింపవచ్చునని లోకమునకు ఋజువు చేసినది. ఈ కీర్తిని దానినుండి ఎవ్వరును తీసివేయజాలరు. అయితే నిజాము రాజ్యప్రజలలో సగమునకు దగ్గఱగా తెలుగువారు. మఱాఠీ, కన్నడము మాటలాడువారును లక్షలకొలది. వీరిలో అత్యధికులకు ఉర్దూ కచేరీభాషయే గాని ఇంటిభాష కాదు. కరీంనగరపు పల్లెబాలుడు తెలుగును ఇంట విడిచి, ఉర్దూను బడిలో నేర్చి, ఆపై శాస్త్రమును నేర్వవలసివచ్చెను. 1931లో హనుమాజీపేటలో జన్మించిన కవి సి. నారాయణరెడ్డిగారును ఉర్దూ మాధ్యమముననే చదివి పైకి వచ్చినవారు. మహాప్రతిభగలవారు ఈ కంచెను దాటిరి. సామాన్యులు బయటనే నిలిచిరి. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసిన పిమ్మట ఉర్దూ స్థానమున ఇంగ్లీషు నిలిచెను. తెలుగుబాలునికి కంచె మాఱినది గాని తొలగలేదు.

ఆదిలాబాదు అడవులలో ఈ దూరము ఇంకను ఎక్కువ. 1940లో కుమురం భీము ప్రభుత్వబలముల చేతిలో మరణించిన పిమ్మట, నిజాము ప్రభుత్వమువారు మానవశాస్త్రజ్ఞుడైన హైమెండార్ఫుగారిచే గోండుల స్థితిగతులను పరిశీలింపజేసిరి. ఆయన ప్రేరణమున 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్ర మేర్పడెను. గోండీ భాషలో వాచకములు వెలసెను. అది ప్రాథమికవిద్యకు సంబంధించిన యత్నమే. కాని గురువు ఆ నేలవాడై, మాట ఆ నేలదైనచో శిష్యుడు తానే వచ్చునన్న పాఠము ఉన్నతవిద్యకును వర్తించును.

ఈ పాఠమును రాజ్యస్థాయిలో ఆచరణకు దెచ్చుటకు యత్నించినవారు పి. వి. నరసింహారావుగారు. నాటి కరీంనగరము జిల్లాలోని వంగర గ్రామమున పెరిగిన ఈయన, 1938 నాటి వందేమాతర ఉద్యమమున పాల్గొని, ఉస్మానియా పరిధిలోని కళాశాలనుండి వెడలింపబడి, నాగపురము మొదలగు పరప్రాంతములలో చదువు ముగింపవలసినవారైరి. చదువుకొఱకు సొంతరాజ్యమును విడువవలసివచ్చిన ఆ యువకుడే, ముప్పదియేండ్ల తరువాత ఆంధ్రప్రదేశమున 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమీకి ప్రథమాధ్యక్షుడయ్యెను. ఇంటర్మీడియెటు, డిగ్రీ తరగతులకు తెలుగున పాఠ్యగ్రంథములు వ్రాయించుట దాని ముఖ్యకార్యము. రసాయనమును, అర్థశాస్త్రమును తెలుగు మాటలలో చదివినవారు నేడు వేలకొలది యున్నారన్న, ఆ యత్నము వ్యర్థము కాలేదని చెప్పవలెను.

ఇక రెండవ దూరము. 1976లో వరంగల్లున కాకతీయ విశ్వవిద్యాలయము వెలసి ఉత్తర తెలంగాణమునకు కొంత దగ్గఱి వాకిలి యయ్యెను. కాని పగలంతయు పనిచేసి బ్రదుకువానికి, పెండ్లియై సంసారమున బడిన స్త్రీకి, పదవతరగతితో చదువాపినవానికి ఏ విశ్వవిద్యాలయమైన నేమి? వాకిలి ఎంత దగ్గఱనున్నను, అది పగటివేళ, పడుచువారికి మాత్రమే తెఱచియుండెను. కరీంనగరము జిల్లా మైలారమున జన్మించిన ఆచార్య జి. రామిరెడ్డిగారు ఈ చిక్కును విప్పుటకు పూనుకొనిరి. ఉస్మానియాకు ఉపాధ్యక్షులుగా నుండిన ఈయన, 1982లో వెలసిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షులైరి. భారతదేశమున ఇట్టిది ఇదియే ప్రథమము. నాడు ఇంటర్మీడియెటు లేనివారును ప్రవేశపరీక్షలో నెగ్గి పట్టభద్రులగుటకు వీలు కలిగెను. పాఠములు పుస్తకరూపమున ఇంటికి వచ్చును, ఆకాశవాణిలో వినవచ్చును, ఊళ్లలోని కళాశాలలయందు సెలవుదినములలో సందేహములు తీర్చుకొనవచ్చును. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు ఈ రామిరెడ్డిగారినే దానికిని ప్రథమ ఉపాధ్యక్షులుగా నియమించిరి. ఒక పల్లెబిడ్డ ఆలోచన దేశమంతటికి మార్గదర్శక మయ్యెను.

ఈ రెండు దూరములు కొంత తగ్గినను సంపద తగినంత పెరుగలేదేమి? మూడవదూరము నిలిచియుండుటచేతనే యని మా యభిప్రాయము. మన కళాశాలలు మొదటినుండియు సర్కారు కొలువునకు తోవలుగా నెంచబడినవి. పట్టమునకును ఉద్యోగమునకును గల ముడిని సడలింపవలెనని, వృత్తివిద్యను పెంపొందింపవలెనని 1986 నాటి జాతీయవిద్యావిధానము చెప్పెను. ఆ విధానమును రూపొందించినపుడు కేంద్రమంత్రి నరసింహారావుగారే. కాగితముమీద చెప్పినది కళాశాలలలో పూర్తిగా జరుగలేదు. బి.ఏ. చదివినవాడు కొలువు పరీక్షకై యేండ్లతరబడి వేచియుండును. ఇంజనీరింగు చదివినవాడు హైదరాబాదు బండి యెక్కును. బొగ్గు ఒక బండిలోను, యువకులు వేఱొక బండిలోను వెడలిపోవుచున్నారు.

విద్య పనిచెంతకు వచ్చినచో ఏమి జరుగునో చూపుటకు దూరము పోనక్కఱలేదు. జగిత్యాలకు చేరువ పొలాసలో వ్యవసాయ పరిశోధనస్థానము గలదు. అక్కడి శాస్త్రజ్ఞులు ఉల్లికోడును తట్టుకొనునట్టి సన్నరకపు వరిని పుట్టించిరి. అదియే రైతులు ‘జగిత్యాల సన్నాలు’ అని పిలుచునది. చీడ యీ పొలములోనిది, పరిశోధన యీ పొలముచెంతది, లాభ మీ రైతుది. అమెరికాలో 1862లో చేసిన మొరిల్ చట్టము ఈ సూత్రముమీదనే, వ్యవసాయమును యంత్రకళలను బోధించు కళాశాలల పోషణకై రాష్ట్రములకు ప్రభుత్వభూముల నిచ్చెను. ఆ దేశపు ఐశ్వర్యమునకు ఆ కళాశాలలు చేసిన సాయము కొలదికాదు.

2008లో కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయమును, బాసరలో రాజీవ్‌గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయమును వెలసినవి. బాసరలోని దానికి పదవతరగతి ముగించిన పల్లెపిల్లలను చేర్చుకొని ఆఱేండ్లు చదివించుట నియమము. సరస్వతీక్షేత్రమున పేదబిడ్డలకు సాంకేతికవిద్య యన్నది ఎంత చక్కని సంకల్పము! కాని 2022 జూనులో అక్కడి విద్యార్థులు నియత ఉపాధ్యక్షుని, కనీస వసతులను గోరి దినములతరబడి ఆరుబయట కూర్చుండవలసి వచ్చెను. భవనమును కట్టి, పేరుపెట్టి, పిదప మఱచిపోవుట విద్యాదానము కాదు.

విద్యను ధనమునకు దాసిగా జేయుచున్నామని కొందఱాక్షేపింపవచ్చును. కావ్యమును, చరిత్రను, తత్త్వమును త్రోసివేయుడని మేమనుట లేదు. ఆకలిగొన్న ఇంట కావ్యమును చదువువారు అరుదు. సిరిసిల్ల మరమగ్గమును, ఆదిలాబాదు ప్రత్తిని, నిర్మల బొమ్మకు వలయు పొనికికఱ్ఱను విచారించుటవలన విశ్వవిద్యాలయ గౌరవము తగ్గదు. సిరిసిల్ల నేతగాని ఋణమును అర్థశాస్త్ర విద్యార్థి లెక్కగట్టినచో ఆ శాస్త్రమునకు ప్రాణము వచ్చును.

కాబట్టి మేము కోరునవి మూడు. ప్రతి విశ్వవిద్యాలయమును తన సీమలోని గనిని, పొలమును, మగ్గమును పరిశోధనవిషయములుగా గ్రహింపవలెను. అందు తేలిన ఫలితములను తెలుగున, వలసినచోట గోండీలోను, పనివారికి తెలుపవలెను. ఆచార్యపదవులను ఖాళీగా నుంచరాదు. గురువులేని బడి గుడ్డిదీపము వంటిది.

ఇవి ప్రభుత్వము చేయవలసినవి. గృహస్థులు చేయవలసినది యొకటి గలదు. కొడుకునో కూతునో కళాశాలకు పంపునపుడు ‘ఈ చదువునకు ఏ కొలువు వచ్చును?’ అని మాత్రమే మనము అడుగుచున్నాము. ‘ఈ చదువుతో మన యూర ఏ పని బాగుపడును?’ అనియు అడుగుదము. ఆ ప్రశ్న పలు ఇండ్లనుండి వినవచ్చిననాడు కళాశాలలు బదులు చెప్పక తప్పదు.